హాజరు పట్టీలో ఒకటి తేడా

మా లేబొరేటరీలో తేదీ లేని సిలిండరును పరీక్షించేవాళ్ళం కాదు. ఎక్కడైనా వంతెనకు కాంక్రీటు పోస్తే, అందులోంచే కొంత తీసి, ఆరంగుళాల వ్యాసం, పన్నెండంగుళాల ఎత్తు ఉన్న అచ్చుల్లో నింపి, పోసిన తేదీ వేసి మాకు పంపేవారు. ఏడో రోజున కొన్నిటిని, ఇరవై ఎనిమిదో రోజున మిగిలినవాటిని యంత్రం కింద పెట్టి, పగిలేదాకా నొక్కి, ఎంత ఒత్తిడికి పగిలాయో రాసుకునేవాళ్ళం. తేదీ చెరిగిపోయిన సిలిండరు ఎంత గట్టిదైనా ఆ గట్టితనం ఎవరికీ పనికిరాదు. అలాంటివాటిని వెనుక పెరట్లో గుట్టగా పడేసేవాళ్ళం. 1979 నుంచి 1988 దాకా అలబామాలో, రాష్ట్ర రోడ్ల శాఖలో నా ఉద్యోగం ఇది.

ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇందులోని మనుషుల పిల్లలు కొందరు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు. అసలు సంఘటన జరిగిన శనివారం తేదీ నాకు తెలుసు, కానీ అదీ రాయను. ఆ తేదీ రాస్తే ఊరు రాసినట్టే. తెలిసిన తేదీని రాయకుండా వదలడం నా జీవితంలో ఇది రెండోసారి. మొదటిసారి ఎప్పుడో చివర్లో చెబుతాను.

మా ఆవిడ నర్సు. ముందు ఉద్యోగం వచ్చింది ఆవిడకే. ఆవిడ వెనుక నేను వెళ్ళాను. ఇద్దరం కృష్ణా డెల్టాలో మిషన్ కాంపౌండ్ల పక్కన పెరిగినవాళ్ళం కాబట్టి ఆదివారం ఆరాధన మానడం ఎరగం. కారులో ఒక పూటంతా వెళ్ళినా తెలుగు ఆరాధన జరిగే చోటు అప్పట్లో మాకు తెలియదు. ఇంటికి దగ్గరలో ఉన్న చర్చికి వెళ్ళాం. అందరూ చేయి కలిపారు, చిరునవ్వు నవ్వారు. కాని మా ముందు రెండు బెంచీలు, వెనుక ఒకటి ఖాళీగా ఉండిపోయాయి. రెండో ఆదివారమూ సరిగ్గా అన్నే. అది మాకిచ్చిన మర్యాదో మరొకటో నాకు అర్థం కాలేదు. ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఒకామె ఈ మాట మా ఆవిడ నోట విని, “మా చర్చికి రండి. మా దగ్గర బెంచీలు ఖాళీ ఉండవు,” అందట. వెళ్ళాం. అది నల్లజాతి వారి చర్చి. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మళ్ళీ మారలేదు.

ఆ చర్చిలో నాకు మొదట నచ్చింది గోడ మీది చెక్క బోర్డు. అందులో అంకెల బిళ్ళలు మార్చుకోవచ్చు. ఈ వారం హాజరు, పోయిన వారం హాజరు, బైబిలు తెచ్చినవారు అని మూడు వరుసలు. ఆ అంకెలు పెట్టేదీ, హాజరు రిజిస్టరు రాసేదీ ఒకరే. ఆవిడ విశ్రాంత ఉపాధ్యాయురాలు, అప్పటికి డెబ్బై దాటినావిడ. నేను ఆమెను టీచరుగారు అనే పిలిచేవాణ్ణి. నాలుగో వారం అనుకుంటాను, బోర్డు మీది అంకెకూ నేను లెక్కపెట్టిన తలలకూ రెండు తేడా ఉందని ఆమెకు చెప్పాను. “పియానో వెనక ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు బ్రదర్, చూడలేదా?” అంది. ఆ రోజు నుంచీ ఆమె అంకెను నేను సందేహించలేదు. ఒక్కసారి తప్ప.

1983 వసంతంలో చర్చి ఆవరణలో ఒక రాయి నిలబెట్టాలని కమిటీ వేశారు. అరవైల మొదట్లో, ఊరి పబ్లిక్ లైబ్రరీ తెల్లవారికి మాత్రమే తెరిచి ఉండే రోజుల్లో, ఒక శనివారం మధ్యాహ్నం ఐదుగురు లోపలికి వెళ్ళి రీడింగ్ రూములో కూర్చున్నారు. వారిని అరెస్టు చేసి సోమవారం దాకా కౌంటీ జైల్లో ఉంచారు. ఆ ఐదుగురి పేర్లు రాతి మీద చెక్కించాలి. నలుగురు పక్క ఊరి కాలేజీ విద్యార్థులు. ఐదోవాడు ఎవరన్నదే సమస్య. తేదీలు పట్టుకు వేలాడే మనిషినని పేరుపడ్డాను కాబట్టి, పైగా బయటివాణ్ణి, ఎవరికీ బంధువును కాను కాబట్టి, ఆధారాలు చూసి జాబితా రాసే పని నాకు అప్పగించారు.

ఐదోవాణ్ణి నేనేనని చెప్పుకునే మనిషి అదే కమిటీలో కూర్చుని ఉన్నాడు. అతను తాపీ మేస్త్రీ. డెబ్బై ఏళ్ళుంటాయి. రాయి కింద ఇటుకల పీఠం కట్టే పని అతనిదే. అతను ఈ మాట చెప్పడం మొదలుపెట్టి అయిదేళ్ళే అయింది. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

“ఆ రోజుల్లో జైలుకెళ్ళినవాళ్ళు ఒక్క వ్యానులో పట్టారు బ్రదర్,” అన్నాడు కమిటీలోని డీకన్, చర్చి పెద్దల్లో ఒకడు, నాకు చెబుతున్నట్టుగా. “ఇప్పుడు వెళ్ళామనేవాళ్ళకి రైలు కావాలి.”

అందరూ నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా.

పాత పత్రికలు ఫిల్ము చుట్టలుగా దొరికేది ఆ లైబ్రరీలోనే. మూడు శనివారాలు అదే రీడింగ్ రూములో కూర్చున్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఒక చెక్క కుర్చీ ఇచ్చి, దీపం దగ్గరకు జరిపారు. మంగళవారం పత్రికలో ఆరు వాక్యాల వార్త ఉంది. ఐదు పేర్లున్నాయి. నాలుగు విద్యార్థులవి. ఐదో పేరుగల మనిషిని ఊళ్ళో ఎవరూ ఎరగరు. జైలు పుస్తకం కోసం కోర్టు భవనానికి వెళితే, ఆ సంవత్సరాలవి లేవన్నారు. విద్యార్థుల్లో ఇద్దరు చనిపోయారు, ఒకరి చిరునామా తెలియలేదు. డెట్రాయిట్‌లో ఉన్న నాలుగో అతను ఒక పేజీ జవాబు రాశాడు. తమతో పెద్దవాడొకడు వచ్చిన మాట నిజం, మెట్ల దగ్గర కలిశాడు, జైల్లో వేరే గదిలో పెట్టారు, మొహం గుర్తులేదు. అంతే.

మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. చర్చి ఆవరణలో పాత ఇటుకలకు అంటిన సున్నం గీకుతూ కూర్చున్నాడు. రెండు ఇటుకలకొకసారి ఊపిరి కోసం ఆగుతున్నాడు.

“ఏం ఇంజనీర్, నన్నూ నీ యంత్రం కింద పెట్టి నొక్కుతావా?”

“తేదీలు సరిచూస్తున్నాను, అంతే.”

“తేదీ నాకు గుర్తులేదు. మెట్లకి మూడో వరుస వేస్తున్నా. అది గుర్తుంది.”

లైబ్రరీ ముందు మెట్లు విరిగితే బాగుచేయడానికి అతని కాంట్రాక్టరు అతణ్ణి పంపాడట. నాలుగు రోజులుగా అక్కడే పని. శనివారం నలుగురు కుర్రాళ్ళు టైలు కట్టుకుని అతని పక్క నుంచి మెట్లెక్కారు. ఒకడు, ‘కాస్త దారివ్వండి సర్’ అన్నాడట.

“ఆ మెట్ల మీద నన్ను సర్ అన్నవాడు లేడు. నేను కట్టిన మెట్లే కదా, ఎక్కితే ఏమైందనిపించింది. బకెట్‌లో చేతులు కడుక్కుని వెనకాలే వెళ్ళా.”

“లోపల ఏం పుస్తకం చదివారు?”

“చదవనిచ్చారా? ఇటుకల గురించి ఏమైనా ఉందా అని అడిగా. ఆవిడ పోలీసులకి ఫోన్ చేసింది.”

తన పేరు చెప్పకుండా, వేరే కౌంటీలో చనిపోయిన మేనమామ పేరు చెప్పానన్నాడు. పత్రికలో ఉన్న ఐదో పేరే అది, కాని ఆ పత్రిక ఎవరైనా చదివి ఉండవచ్చు. “మా కాంట్రాక్టర్ చెడ్డవాడు కాదు. కానీ మంచివాడని నిరూపించుకునే అవకాశం ఆయనకి ఇవ్వదలచుకోలేదు. అప్పటికి నాకు ముగ్గురు పిల్లలు.” మంగళవారం పనిలోకి వెళితే కాంట్రాక్టరు అతణ్ణి ఎగాదిగా చూసి, ‘మొన్న ఆదివారం మీ చర్చిలో ప్రసంగం బాగుందట కదా’ అని వెళ్ళిపోయాడట. “ఆ మాట ఎందుకన్నాడో ఈ రోజుకీ తెలీదు.” ఆ కాంట్రాక్టరు 1978లో పోయాడు. ఆ తర్వాతే ఇతను నోరు విప్పాడు.

ఇదంతా నేను శ్రద్ధగా రాసుకున్నాను. కాని ఇందులో ఒక్క ముక్కకూ కాగితం లేదు. కాగితం ఉన్నది ఒక్కటే, హాజరు రిజిస్టరు. ఆ ఐదుగురూ జైల్లో ఉన్న ఆదివారం చర్చికి ఎవరెవరు వచ్చారో అందులో ఉంటుంది. అడిగితే టీచరుగారు గుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఆ పేజీలో మేస్త్రీ పేరు పక్కన హాజరు గీత ఉంది. మిగతా గీతల్లాగే నిటారుగా, అదే నల్ల సిరాతో. ఆ ఆదివారం అతను జైల్లో ఉంటే చర్చిలో ఎలా ఉంటాడు? గీతలన్నీ లెక్కపెట్టాను. నూట పదమూడు. పేజీ అడుగున మొత్తం నూట పన్నెండు అని ఉంది. మూడుసార్లు లెక్కపెట్టాను, ప్రతిసారీ నూట పదమూడే. నా నకలులో మొత్తం 113 అని రాసి, పక్కన ‘కూడికలో పొరపాటు, సరిచేయడమైనది’ అని రాసుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి ఆ కాగితం చూసింది.

“అయితే ఆయన పేరు తీసేస్తారా ఏమండీ?”

“నేను తీయడం కాదు. రిజిస్టరు అలా ఉంది.”

“మీ స్కూల్ రిజిస్టర్‌లో మీ డేట్ ఆఫ్ బర్త్ జూలై ఒకటి అనుంది. అత్తయ్యేమో చలికాలంలో, కోతలప్పుడు పుట్టాడంటారు. మీకు రెండు బర్త్‌డేలు, ఒక్కదానికీ కేక్ లేదు.”

“అది వేరే సంగతి. హెడ్మాస్టరు వయసు సరిపోవాలని వేసిన తేదీ అది.”

“ఎందుకు వేస్తే ఏంటి, అబద్ధమే కదా? ఆ కాగితం మీదే పాస్‌పోర్ట్, దాని మీదే వీసా, దాని మీదే ఈ ఇల్లు.” ఆవిడ కాఫీ కలుపుతూ ఆగింది. ఆసుపత్రి విషయాలు ఇంట్లో ఎన్నడూ చెప్పే మనిషి కాదు. ఆ రోజు మాత్రం, “తేల్చేదేదో త్వరగా తేల్చండి. ఆయనకి ఎక్కువ టైమ్ లేదు,” అంది. అంతకుమించి చెప్పలేదు. ఇటుకకూ ఇటుకకూ మధ్య మేస్త్రీ ఊపిరి కోసం ఆగడం గుర్తొచ్చింది. సిమెంటు దుమ్ము ఏం చేస్తుందో మా లేబొరేటరీ వాళ్ళకు తెలియనిది కాదు. అయినా ఆధారం ఆధారమే అనుకున్నాను.

మే నెల సమావేశంలో నా నివేదిక చదివాను. నలుగురి పేర్లకు ఆధారం ఉంది. ఐదో పేరుగల మనిషి ఎవరో తేలలేదు. మన సభ్యుడొకరు అది తానేనంటున్నారు. అయితే ఆ ఆదివారం ఆయన ఇక్కడే ఆరాధనలో ఉన్నట్టు రిజిస్టరు చెబుతోంది. ఇంతే చదివాను. ఈసారి డీకన్ జోకు వేయలేదు.

“గీత ఉందా?” అని అడిగాడు మేస్త్రీ.

“ఉంది.”

“నా పేరు పక్కనే?”

“అవును.”

అతను టీచరుగారి వైపు చూశాడు. ఆమె తన చేతిసంచి వైపు చూస్తోంది. “అయితే ప్రసంగం బాగుందన్నమాట,” అని అతను టోపీ తీసుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, “పీఠం నేనే కడతా. ఎవరి పేర్లున్నా ఇటుకలు తిన్నగా ఉండాలి కదా,” అన్నాడు. తప్పు ఒప్పుకున్న మనిషి మొహం కాదది. అబద్ధం బయటపడ్డవాడి మొహమూ కాదు. ఏ మొహమో నాకు తెలియలేదు.

మర్నాడు టీచరుగారు మా ఇంటికి వచ్చారు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. మా ఆవిడ ఇచ్చిన టీ తాగకుండా పక్కన పెట్టి నన్నే చూశారు.

“మీరు రిజిస్టర్ అడిగారు, ఇచ్చాను. నోటితో చెప్పడానికి నాకు సిగ్గేసింది. పేజీ కింద అంకె మీరే చూస్తారనుకున్నా. లెక్కల మనిషి కదా.”

“చూశానండీ.”

“మరి?”

“తప్పుందని సరిచేశాను.”

ఆమె కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. తరగతిలో ఎందరు మొద్దుల్ని అలా చూసిందో. “ఇరవై ఏళ్ళుగా ఆ పేజీలో నిజం చెప్పేది అదొక్కటే బ్రదర్. దాన్నా సరిచేశారు?”

జరిగింది ఇది. ఆదివారం ఉదయం మామూలుగానే ఆమె తలలు లెక్కపెట్టి బోర్డు మీద నూట పన్నెండు పెట్టింది. రిజిస్టరు అడుగున అదే వేసింది. ఆ సాయంత్రం పాస్టరు ఆమెను పిలిచి, మేస్త్రీ పేరు పక్కన కూడా గీత పెట్టమన్నాడు. కాంట్రాక్టరు సోమవారం వచ్చి అడిగాడు. పాస్టరు పుస్తకం తెరిచి చూపించాడు. మేస్త్రీ ఉద్యోగం ఊడలేదు.

“పేరు పక్కన గీత పెట్టమన్నారు, పెట్టాను. అంకె సంగతి పాస్టర్ అనలేదు. అది అందరూ చూసిన అంకె, దేవుడికి చెప్పిన లెక్క. మార్చడానికి చెయ్యి రాలేదు.”

“అంటే ఆయన జైల్లోనే ఉన్నారన్నమాట.”

“చర్చిలో లేడు. నాకు తెలిసింది అంతవరకే. ఎక్కడున్నాడని పాస్టర్ చెప్పలేదు, నేను అడగలేదు. ఆ రోజుల్లో అడగకుండా ఉండటం కూడా ఒక పనే.”

ఆమె లేచి నిలబడింది. “అతనికి నిన్ననే అర్థమైంది, ఆ గీత ఎవరు పెట్టారో. ఇంకొక్క మాట మాట్లాడితే అందరి ముందూ నేను అబద్ధాలకోరునవుతాను. అందుకే టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.”

ఆమె వెళ్ళాక నా నకలు ముందు పెట్టుకున్నాను. 113 కొట్టేసి 112 వేశాను. దాని వల్ల ఏం తేలింది? గీతలున్నవారిలో ఒకరు ఆ ఉదయం రాలేదని తేలింది. ఆ ఒకరు ఎవరో అంకె చెప్పదు. అది టీచరుగారి మాట. అతను జైల్లో ఉన్నాడని ఆమె మాట కూడా చెప్పదు. అది మేస్త్రీ మాట. నేను నమ్మని కథ మీదికే మళ్ళీ వచ్చాను. తేడా ఏమిటంటే, ఆధారమని నమ్మిన గీత అబద్ధమైంది, పొరపాటని కొట్టేసిన అంకె నిజమైంది. ఇక దేన్ని నమ్మాలో ఆ కాగితాల్లో ఎక్కడా రాసి లేదు. జూలై ఒకటిన పుట్టానని సంతకాలు పెట్టిన చేతితోనే కొత్త జాబితా రాశాను. ఐదో స్థానంలో మేస్త్రీ అసలు పేరు వేశాను. ‘ఆధారం’ అన్న చోట ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలేశాను.

జూన్ సమావేశంలో నేను చదవక ముందే టీచరుగారు లేచి, ఇరవై ఏళ్ళ కిందట తాను పెట్టిన గీత సంగతి అందరికీ చెప్పింది. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. డీకన్ తన కుర్చీ ఆమె వెనక్కి జరిపి కూర్చోబెట్టాడు. ఐదు పేర్లూ ఉండాలని తీర్మానించారు. బయటికి వచ్చేటప్పుడు మేస్త్రీ నా మోచేయి పట్టుకున్నాడు.

“ఒక్కటి చెప్పు ఇంజనీర్. ఇప్పుడు నన్ను నమ్మావా, ఆ అంకెనా?”

జవాబు కోసం ఆగకుండా చేయి వదిలేసి వెళ్ళిపోయాడు.

రాయి అక్టోబరులో వచ్చింది. అప్పటికి మేస్త్రీ కుర్చీలో కూర్చుని చెబుతుంటే ఇద్దరు పనివాళ్ళు కట్టేవారు. చివరి వరుస మాత్రం ఎవర్నీ ముట్టనివ్వలేదు. తానే లేచి పరిచి, పైన సిమెంటు మెత్తి, తాపీతో నున్నగా లాగాడు. రాయి దించడానికి మేం నలుగురం సిద్ధంగా ఉన్నాం.

“ఆగండి. ఇంజనీర్, ఇలా రా. నీ సిలిండర్లకి వేస్తావే, అలా ఒక తేదీ వెయ్యి దీని మీద. రాయి కూర్చున్నాక ఎవరికీ కనబడదులే.” నా చేతిలో మేకు పెట్టాడు.

ఆ శనివారం తేదీ తెలుసు. ఆ రోజు తేదీ కూడా తెలుసు. పచ్చి సిమెంటు ముందు మేకు పట్టుకుని నిలబడితే, రెండింటిలో ఏది వేసినా తప్పేననిపించింది. ఎందుకో నాకే తెలియలేదు. “త్వరగా కానీ, గట్టిపడిపోతోంది,” అన్నాడు. తేదీ వేయలేదు. 112 అని గీశాను.

అతను నడుం వంచి, ఊపిరి కూడదీసుకుంటూ చూశాడు. “ఇదేం తేదీ?”

“తేదీ కాదు. ఆ ఆదివారం హాజరు.”

“అంటే, నేను అక్కడుంటే వీళ్ళందరూ ఇక్కడ కూర్చుని పాటలు పాడుకున్నారన్నమాట,” అన్నాడు.

నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. డీకన్ వచ్చి వీపు నిమిరాడు. అతను అన్నది వేళాకోళమో, నిష్ఠూరమో, లేక లెక్క సరిపోయిందని ఒప్పుకోవడమో, ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. 1985లో అతను పోయేలోపు అడిగి ఉండవచ్చు. అడగలేదు.

“చాల్లే, దించండి,” అన్నాడు. దించాం.